మా ఆకుపచ్చ బావగారు

నలుపు తెలుపు ఫోటోను ఇంట్లో ఇంక్‌జెట్ ప్రింటర్ మీద తీస్తే, అది ఆకుపచ్చగానో, గులాబీగానో, బట్టల నీలంలో ముంచి తీసినట్టుగానో రావడం ఈ కాలం మనకిచ్చిన గొప్ప వరం. నవ్వకండి! పూర్తి స్పృహలో ఉండే ఈ మాట రాస్తున్నాను.

పూర్వం ఏముండేది చెప్పండి? స్టూడియోకి వెళ్లేవాళ్లం. ఆయన మన గడ్డం పట్టుకుని ఒక పక్కకి తిప్పి, కదలొద్దు అనేవాడు. తర్వాత ఎప్పుడో వెళ్తే ఫోటో కవర్లో పెట్టి ఇచ్చేవాడు. నలుపు నల్లగా ఉండేది, తెలుపు తెల్లగా ఉండేది. ఇంటికి తెచ్చి మేకు కొట్టి తగిలించేవాళ్లం. అక్కడితో కథ అయిపోయేది! ఇక ఆ ఫోటో గురించి మాట్లాడుకోవడానికి ఏమీ మిగిలేది కాదు. అందులో ఉన్న మనిషి గురించి మాట్లాడుకోవడం తప్ప వేరే గతి లేదు మనకి. ఎంత వెనకబడిన రోజులో చూశారా?

ఇప్పుడలా కాదు. ఇప్పుడు నలుపే రకరకాలు. మెరిసే కాగితానికి ఒక నలుపు, మెరవని కాగితానికి ఇంకో నలుపు. అవిగాక లైట్ బ్లాక్, లైట్ లైట్ బ్లాక్. ఈ చివరిదాన్ని మా చిన్నప్పుడు బూడిదరంగు అనేవాళ్లం. పాపం, ఎవరూ చెప్పలేదు మాకు.

అసలు సంగతేమిటంటే, మామూలు ఇంక్‌జెట్ ప్రింటరుకు బూడిదరంగు అంటే ఏమిటో సరిగ్గా తెలియదు. నీలం, ఎరుపు, పసుపు ఇంకులన్నీ చుక్కలు చుక్కలుగా కలిపి, ఇదే బూడిదరంగు అనుకోండి అని మనల్ని బుజ్జగిస్తుంది. వాటిలో ఒక చుక్క ఎక్కువైందా, ఫోటోలోని మనిషికి కామెర్లో, జలుబో, సిగ్గో వచ్చేస్తుంది. పైగా ఆ ప్రింటు ట్యూబులైటు కింద ఒక రంగు, కిటికీ దగ్గర ఒక రంగు, ఎల్ఈడీ బల్బు కింద మరో రంగు. ఒక్క ఫోటో తీసుకుంటే మూడు ఫోటోలు వచ్చినట్టే కదా! ఇంత లాభసాటి బేరం మా బెంగళూరు చిక్కపేట బజారులో కూడా దొరకదు.

ఈ పాండిత్యమంతా మీకెక్కడిది అంటారా? మా అక్క అల్లుడు గిరీష్ పెట్టిన భిక్ష. వైట్‌ఫీల్డ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, హూడిలో ఫ్లాటు. మంచివాడే. తాగడు, తిరగడు, ఒకరి జోలికి వెళ్లడు. ఉన్న ఒక్క అలవాటూ నలుపు తెలుపు ప్రింట్లు.

మా అక్క లక్ష్మమ్మ కూతురు పల్లవి దగ్గరే, అంటే ఆ హూడి ఫ్లాట్లోనే ఉంటుంది. మా బావ దామోదర్ పోయి చాలా కాలమైంది. కబ్బన్‌పేటలో పట్టునూలుకి రంగులద్దడం ఆయన పని. ఆయనకి ఉన్న మంచి ఫోటో ఒకే ఒకటి. పెళ్లయిన కొత్తలో ఎవరిదో కోటు అడిగి వేసుకుని తీయించుకున్నది. అరచేతిలో ఇమిడిపోయేంత చిన్నది.

పోయిన ఏడాది అక్కకి పేపరులో అక్షరాలు వంకరగా కనిపిస్తున్నాయంటే పల్లవి కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లింది. డాక్టర్ స్వప్నగారు దాపరికం లేకుండా చెప్పారు. కంటి లోపలి పొర మధ్యభాగం దెబ్బతింటోంది. పక్కలు కనిపిస్తూనే ఉంటాయి, కానీ సూటిగా చూసింది మసకబారిపోతుంది. ముఖాలు గుర్తుపట్టడం కష్టమవుతుంది. ఇంజెక్షన్లతో కొంత కాలం నెట్టుకురావచ్చు గాని, ఇది ఎంత తొందరగా ముదురుతుందో చెప్పలేం.

అక్క ఏడవలేదు. ఆ సాయంత్రం ఆ చిన్న ఫోటో తెచ్చి అల్లుడి చేతిలో పెట్టింది.

"దీన్ని పెద్దది చేసి ఇయ్యప్పా. కండ్లు ఉండగానే ఆయన్ని బాగా చూసుకుంటా."

"షాపులో ఇవ్వొద్దు అత్తమ్మా, కలర్ కాస్ట్, అంటే లేని రంగు ఛాయ వచ్చేస్తుంది. నేనే ప్రింట్ చేస్తా. వీకెండ్‌కల్లా డన్" అన్నాడు గిరీష్.

వీకెండ్ అన్నాడు గాని, ఏ వీకెండో చెప్పలేదు.

అన్యాయంగా మాట్లాడకూడదు, మొదటి ప్రింటు ఆ వారమే వచ్చింది. నేనూ అక్కడే ఉన్నాను. పుస్తకాల అర తలుపంత పెద్ద కాగితం మీద మా బావ! తలకి నూనె పెట్టి దువ్వుకున్న పాపిడి, చిన్న మీసం, నవ్వు ఆపుకుంటున్న పెదవులు. ట్యూబులైటు కింద మాత్రం మనిషి నిజంగానే ఆకుపచ్చగా ఉన్నాడు. అక్క ఆ కాగితాన్ని దగ్గరికి తీసుకుని, మెడ కొంచెం పక్కకి వంచి, కంటి కొస నుంచి చూసింది. అప్పటికే అలా చూడ్డం అలవాటు చేసుకుంది పాపం.

"ఆకుపచ్చ అద్దకం వేసిన దినం ఇట్లనే వస్తా ఉండె ఇంటికి" అని నవ్వింది. "మోచేతులు దాకా ఇదే రంగు. ఎంత తోమినా పోతా ఉండలే. బాగుండాడప్పా, ఇదే చాలు నాకి."

ఒక ఇల్లాలు తన భర్త ఫోటో చూసి ఇదే చాలు అంది. ఏ ప్రింటరుకైనా ఇంతకంటే పెద్ద సర్టిఫికెట్ ఉంటుందా? కానీ గిరీష్ ముఖం వాడిపోయింది.

"అయ్యో, ఇది టెస్ట్ మాత్రమే అత్తమ్మా. మిడ్‌టోన్స్‌లో గ్రీన్ చూడండి ఎంత ఉందో! ఇలా ఇవ్వండి, ఒక్క నిమిషం."

తీసుకుని నాలుగు ముక్కలు చేశాడు. చెడ్డ ప్రింటు ఇంట్లో ఉంటే కన్ను దానికి అలవాటు పడిపోతుందట! నిజమే కదా. పోబోతున్న కంటికి కొత్తగా చెడ్డ అలవాట్లు నేర్పడం ఎంత ప్రమాదం!

ఇక అక్కణ్ణుంచి మొదలయ్యాయి వరాలు.

మొదటి వరం, ఇల్లు కదలకుండా ఉండటం. బెంగళూరులో వారాంతం బయటికి వెళ్లడమంటే ఏమిటో మీకు నేను చెప్పాలా? కె.ఆర్. పురం దగ్గర బండి ఆపుకుని ముందు లారీ వెనకాల రాసిన కన్నడం కంఠతా పట్టడమే. గిరీష్‌కి ఆ బాధ లేదు. శనివారం పొద్దున ప్రింటరు గదిలో దూరితే ఆదివారం సాయంత్రం దాకా రాడు. తలుపు తీసి పిలవకూడదు, బయటి వెలుతురు లోపలికి వస్తుంది. భోజనానికి పిలవాలంటే పల్లవి ఫోనులో మెసేజ్ పెడుతుంది. ఇంత సంసార సౌఖ్యం ఎన్ని ఇళ్లలో ఉంది?

రెండోది, ఓర్పు. ప్రింటు రాగానే చూడకూడదు, తెలుసా మీకు? ఇంకు ఆరేటప్పుడు టోన్, అంటే రంగు ఛాయ, మారుతుందట. రాత్రంతా ఆరనిచ్చి, మర్నాడు ప్రత్యేకమైన దీపం కింద పెట్టి, కొలిచే పరికరం ఆనించి, అప్పుడు పెదవి విరవాలి. వానాకాలంలో కాగితం చెమ్మగిల్లుతుంది కాబట్టి ఆ కొలతలు పనికిరావు. ఎండాకాలంలో మళ్లీ మొదట్నుంచి. మునులు చేసిన తపస్సు ఏపాటి!

ఈ తపస్సులో ఒక చిన్న పద్ధతి ఉంది. పెద్ద కాగితం ఖరీదు కాబట్టి ప్రతిసారీ ఫోటో మొత్తం తీయరు. సన్నటి ముక్క మీద ఏదో ఒక భాగం తీసి టోన్ సరిచూస్తారు. ఏ భాగం? బూడిదరంగు ఎక్కువగా ఉన్నచోటు. మా బావ ఫోటోలో అది ఆయన ముఖం కాదు, ఆయన అడిగి తెచ్చుకున్న కోటు. కాబట్టి నెలల తరబడి గిరీష్ ప్రింటు తీసింది ఆ కోటునే! వేడి టోన్‌లో కోటు, చల్లటి టోన్‌లో కోటు, పట్టులాంటి కాగితం మీద కోటు, దూదితో చేసిన కాగితం మీద కోటు. పల్లవి రోజూ చెత్తబుట్టలో వెతికేది, ఏ ముక్కలోనైనా నాన్న కన్నో మీసమో దొరుకుతుందేమో, అమ్మకి చూపిద్దామని. గుండీలు దొరికేవి. ఆ కోటు ఎవరిదో, ఆ మహానుభావుడు ఎక్కడున్నాడో గాని, ఆయన కోటుకి దక్కినంత గౌరవం ఈ నగరంలో ఏ కోటుకీ దక్కి ఉండదు.

మూడోది, సత్సంగం. హూడిలో, వైట్‌ఫీల్డ్‌లో ఇలాంటి వాళ్లంతా కలిసి ఒక సంఘం పెట్టుకున్నారు. పేరు గ్రేస్కేల్ గెళెయర బళగ. అంటే బూడిదరంగు స్నేహితుల కూటమి అన్నమాట. ఒక ఆదివారం సమావేశం గిరీష్ ఇంట్లోనే జరిగింది. నేనూ ఒక కుర్చీ లాక్కుని కూర్చున్నాను. ఆ కోటు ముక్కలు బల్ల మీద వరసగా పరిచారు. అందరూ చేతులు వెనక్కి కట్టుకుని, శవాన్ని చూసినట్టు చూశారు. ఆశీష్ అనే కుర్రవాడు చాలాసేపు ఆలోచించి నోరు విప్పాడు.

"షాడోస్ ఓకే బ్రో. హైలైట్స్‌లో మాత్రం మెజెంటా ఫీలింగ్ వస్తోంది."

ఫీలింగ్! తెల్లకాగితం మీద లేని గులాబీరంగు తాలూకు ఫీలింగ్! అందరూ తలలూపారు. ఒకరికి మెజెంటా కనబడితే, నాకు కనబడలేదని చెప్పే ధైర్యం ఆ గదిలో ఎవరికుంటుంది? నేను మాత్రం ఉండబట్టలేక, "ముఖం ఎప్పుడొస్తుంది నాయనా?" అని అడిగాను. ఎవరో వెనక నుంచి, "ముందు టోన్ లాక్ అవ్వాలి అంకుల్, సబ్జెక్ట్‌దేముంది" అన్నారు. ఆ సబ్జెక్టు పెళ్లాం పక్కగదిలోనే ఉంది. గ్లాసులో నీళ్లు పోసుకోబోయి బల్ల మీద పోసుకుంటోంది.

అవును, అప్పటికి అక్క చూపు అంతదాకా వచ్చింది. సీరియల్‌లో మనుషుల్ని గొంతుల్ని బట్టి పోల్చుకునేది. నేను గుమ్మంలో నిలబడితే నా భుజాలు కనిపించేవి, వాటి మీద తల ఉండాల్సిన చోట ఒక మరక ఉండేది. "నువ్వేనా తమ్ముడా?" అని అడిగేది. ఇంజెక్షన్లు వేయిస్తూనే ఉన్నారు. ఆ విషయంలో గిరీష్‌ని ఏమీ అనను. సెలవు పెట్టి మరీ తీసుకెళ్లేవాడు. ఆసుపత్రి వరండాలో కూర్చుని ఫోనులో కాగితాల గురించి చదువుకునేవాడు.

నేను ఊరుకున్నాననుకునేరు! ఆ ఫోటో ఇచ్చెయ్యి, హొసకోటెలో మా ఇంటి పక్కన మహబూబ్ బాషా షాపులో పెద్దది చేయించుకొస్తానన్నాను. ఆ షాపులో ఆధార్ కార్డుకి ప్లాస్టిక్ తొడుగు వేస్తారు, పెళ్లికార్డులు వేస్తారు, పోయినవాళ్ల ఫోటోలకి వెనకాల మేఘాలు కూడా పెడతారు. గిరీష్ నా వంక చూసిన చూపు మీరు చూడాల్సింది. నేనేదో అసలు ఫోటోని బజ్జీలు చుట్టడానికి అడిగినట్టు! అది చెమ్మ తగలని పెట్టెలో, మూతికి టేపు వేసి, బీరువాలో ఉందట. వెలుతురు తగిలితే పాడవుతుందట. స్కాన్ చేసిన ఫైలైనా పంపమన్నాను. టోన్ సరిచేయని ఫైలు బయటికి పంపడం పద్ధతి కాదట.

పల్లవి మెత్తటి పిల్ల. దానికి కూడా ఓపిక నశించి ఒక రోజు గట్టిగానే అడిగింది.

"అమ్మ కళ్లు నీ ప్రింటర్ కోసం వెయిట్ చేస్తాయా గిరీ?"

"అందుకే కదా పల్లవీ! ఆవిడ లాస్ట్‌గా చూసే ఫోటో పర్‌ఫెక్ట్‌గా ఉండొద్దా?"

ఏమంటారు దీనికి? ప్రేమ అనే అనాలి. అంత ప్రేమ ఒంటి మీద పడితే ఎవరైనా ఊపిరాడక పోవాల్సిందే.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. ఈ జబ్బులో లేత రంగు ఛాయల తేడాలు కూడా సరిగ్గా తెలియవని డాక్టరుగారు అన్నారు. అంటే ఏ ఆకుపచ్చ ఛాయ కోసమైతే ఈ మహాయజ్ఞం జరుగుతోందో, అది ఉన్నా లేకపోయినా మా అక్కకి కనబడదు! నేను ఎగిరి గంతేసినంత పనిచేసి ఈ సంగతి గిరీష్‌కి చెప్పాను. అతను శాంతంగా విన్నాడు.

"ఆవిడకి తెలియకపోవచ్చు మామయ్యా. నాకు తెలుస్తుంది కదా!"

అంత నిజాయితీ గల మాట ఆ ఇంట్లో అంతకుముందు నేను వినలేదు. ఫోటో అడిగింది అక్క. చూడాల్సింది అక్క. కానీ ప్రింటు మాత్రం అతని కోసం.

చివరికి, టోన్ కుదరకపోవడానికి కారణం ప్రింటరు కాదని తేలింది. గోడట! అక్క గది గోడలు లేత చిలకపచ్చగా ఉండేవి. ఆ రంగు ప్రింటు మీద పడి దాన్ని చెడగొడుతోందని గెళెయర బళగ ఏకగ్రీవంగా తీర్మానించింది. పెయింటర్లు వచ్చారు. నాలుగు గోడలకీ బూడిదరంగు. గుమ్మానికి బూడిదరంగు. బంతిపువ్వుల కర్టెన్లు తీసేసి బూడిదరంగు కర్టెన్లు. గది చూస్తే వానాకాలంలో హొసకోటె బస్టాండులో నిలబడ్డట్టు ఉంది.

రంగుల తేడా పట్టుకుని ఇన్నాళ్లూ ఆ గదిలో తిరుగుతున్న మనిషికి ఇప్పుడు గోడేదో గుమ్మమేదో తెలియలేదు. రెండుసార్లు తలుపు చెక్క నుదుటికి తగిలింది. పల్లవి తలుపు అంచున ఎర్ర టేపు అంటిస్తే, గిరీష్ వచ్చి పీకేశాడు. ఎందుకో మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది.

అక్క మాత్రం అల్లుణ్ణే వెనకేసుకొచ్చింది. "అల్లుడు నా కోసరమే కదా కష్టపడతా ఉండాడు" అని నాతో అంది. నుదుటి మీద బొప్పి తడుముకుంటూ ఈ మాట అంది. నాకు ఒళ్లు మండిపోయింది. మా అక్క ముందు అల్లుణ్ణి తిట్టకూడదు కాబట్టి ప్రింటర్ల కంపెనీలన్నిటినీ కలిపి తిట్టాను.

పోయిన ఆదివారం ఫోటో వచ్చింది.

నిజం ఒప్పుకోవాలి. అద్భుతంగా ఉంది! ఆకుపచ్చ లేదు, గులాబీ లేదు, నీలం లేదు. శుద్ధమైన బూడిదరంగు. ట్యూబులైటు వేసి చూశారు, మారలేదు. కర్టెను తీసి ఎండలో చూశారు, మారలేదు. గెళెయరు వంతులవారీగా వచ్చి చూసి గిరీష్ చెయ్యి ఊపారు. ఒకాయన కళ్లు చెమర్చాయి కూడా. బావ కోటు గురించి ఇంగ్లీషులో చాలాసేపు మాట్లాడుకున్నారు. పల్లవి కాఫీ ఇచ్చి వంటింట్లోకి వెళ్లిపోయింది, మళ్లీ ఇవతలికి రాలేదు.

వాళ్లంతా వెళ్లాక అక్కని తెచ్చి ఫోటో ముందు కుర్చీలో కూర్చోబెట్టాం. అక్క సూటిగా చూసింది. తర్వాత మెడ ఎడమకి వంచి చూసింది. కుడికి వంచి చూసింది. కుర్చీ ముందుకి లాక్కుని, ముక్కు ఆనేంత దగ్గరికి వెళ్లి చూసింది. చెయ్యి చాచి అంచు పట్టుకుని వేళ్లతో మెల్లగా రుద్దింది.

"కాగితం మెత్తగా ఉండాదప్పా" అంది. "మంచి కాగితం."

గిరీష్ ముఖం వెలిగిపోయింది. "కాటన్ రాగ్ అత్తమ్మా! ఇంపోర్టెడ్!"

అక్క తల ఊపింది. అల్లుడి మనసు కష్టపెట్టకూడదని కాసేపు అలాగే, చూస్తున్నట్టే కూర్చుంది. తర్వాత నేనున్న వైపు తిరిగి, గొంతు బాగా తగ్గించి అడిగింది.

"తమ్ముడా, ఆయన ఏ పక్కకి చూస్తా ఉండాడు?"

అయ్యా, వరమని మొదట్లో అన్నాను. ఇప్పటికీ అదే అంటున్నాను. నలుపు తెలుపు ప్రింటు ఆకుపచ్చగా రావడం నిజంగా వరమే. మా ఇంట్లో ఒక ఆకుపచ్చ వరం వస్తే మేమే చించి పారేశాం. మీ ఇంట్లో ఎవరైనా కళ్లున్న మనిషి ఒక ఫోటో అడిగితే, ఇవాళే తీసి చేతిలో పెట్టండి. గులాబీగా వస్తే గులాబీగా పెట్టండి. బూడిదరంగులో వెంట్రుకవాసి తేడా పట్టేసే ఆ సూక్ష్మదృష్టికి, అదే ఇంట్లో ఒక ముసలామె గోడకి గుద్దుకుంటుంటే కనబడలేదు. డాక్టరుగారు పరీక్ష చేయాల్సిన కళ్లు ఆ ఫ్లాట్లో ఇంకో జత ఉన్నాయి.

ఇదంతా అప్పుడు అనలేకపోయాను, ఇప్పుడు మీకు చెబుతున్నాను. అప్పుడు మాత్రం అక్క కుర్చీ పక్కన నేల మీద చతికిలబడి, ఫోటోకి దగ్గరగా జరిగి చెప్పడం మొదలుపెట్టాను. "కుడి పక్కకి చూస్తా ఉండాడక్కా. కొంచెం నవ్వుతా ఉండాడు. ఆపుకుంటా ఉండాడు గాని నవ్వే. మీసం సన్నగా కత్తిరించినాడు. పాపిడి ఎడమపక్క తీసినాడు." అక్క కళ్లు మూసుకుని, ఒక్కో మాటకీ తల ఊపుతోంది.

వెనక నుంచి గిరీష్ ఎంతో మర్యాదగా అన్నాడు.

"మామయ్యా, కొంచెం అవతలికి జరుగుతారా? మీ చొక్కా రంగు ప్రింట్ మీద పడుతోంది."